దేవుడు యూదులను వదిలేశాడా? అపొస్తలుడైన పౌలు జీవితం నుంచి



ఈ వారం వీడియోలో పౌలు జీవితం చెప్పడం మొదలుపెట్టి సగంలోనే ఆపాల్సి వచ్చింది. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. దానికంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మూడు వారాల క్రితం నిబంధన గురించి చేసిన వీడియోలో ఒక మాట అన్నాను. యూదులు మెస్సీయను తోసేశారు కాబట్టి దేవుడు వాళ్ళతో చేసిన నిబంధన రద్దయింది, ఇప్పుడు అది మొత్తంగా సంఘానికి వచ్చేసింది అని. అర్థం కావడానికి ఒక పోలిక కూడా చెప్పాను. 2016 నవంబరులో పాత ఐదువందల నోటు ఎలా చెల్లకుండా పోయిందో పాత నిబంధన కూడా అంతే అన్నాను. ఆ ముక్కని చాలామంది కట్ చేసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నారు. నాకూ సంతోషంగానే అనిపించింది.

రెండు రోజుల తర్వాత కొత్తరెడ్డిపాలెం నుంచి ఫోన్ వచ్చింది. నాతో పాటు టెన్త్ దాకా చదివినవాడు. కోపంగా ఏమీ మాట్లాడలేదు. నిబంధన రద్దయిందని పౌలు ఎక్కడ రాశాడో అధ్యాయం చెప్పమన్నాడు, అంతే. చూసి చెప్తానన్నాను. ఆ రాత్రి కూర్చుని రోమా పత్రిక నుంచి ఫిలేమోను దాకా చదివాను. దొరకలేదు. దొరక్కపోగా దానికి ఎదురు మాట దొరికింది.

మా ప్రాంతం తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. చేబ్రోలు అనగానే అందరికీ కోనేటి మధ్యలో ఉన్న నాలుగు ముఖాల బ్రహ్మ గుడి గుర్తొస్తుంది. ఇదే మండలంలోని కొత్తరెడ్డిపాలెంలో యూదుల సమాజమందిరం ఒకటి ఉంది. 1991లో పెట్టారు. తమని బెనే ఎఫ్రాయిము అని, అంటే ఎఫ్రాయిము సంతానమని చెప్పుకుంటారు. యోసేపు కొడుకు ఎఫ్రాయిము, అష్షూరు రాజులు చెరపట్టుకుపోయిన పది గోత్రాల్లో ఆ గోత్రం ఒకటి. కొన్ని పదుల కుటుంబాలు మాత్రమే. అందరూ తెలుగువాళ్ళే, మాదిగ కుటుంబాలు, ఒకప్పుడు బాప్టిస్టు సంఘంలో ఉన్నవాళ్ళు. విశ్రాంతిదినం ఆచరిస్తారు, హెబ్రీ నేర్చుకుంటారు, పస్కా చేసుకుంటారు. పైదేశాల నుంచి పరిశోధకులు వచ్చి వాళ్ళ మీద పుస్తకమే రాశారు. వాళ్ళ రక్తం ఎక్కడిదో తేల్చడం నా పని కాదు. నా స్నేహితుడి ఇంట్లో అమ్మమ్మ బైబిలు పట్టుకుని చర్చికి వెళ్తుంది, మనవడు సమాజమందిరానికి వెళ్తాడు. నేను కెమెరా ముందు కూర్చుని తేలిగ్గా అనేసిన మాట వెళ్ళి ఆ ఇంట్లో పడింది.

ఇక పౌలు సంగతి.

కిలికియలోని తార్సు అనే పట్టణంలో పుట్టాడు. పుట్టుకతోనే రోమా పౌరుడు, అది ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అంతకంటే ముందు అతను యూదుడు. ఎనిమిదో రోజున సున్నతి పొందాడు, బెన్యామీను గోత్రం. ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు కూడా ఆ గోత్రంవాడే, ఇతనికీ ఆ పేరే పెట్టారు. పెద్దయ్యాక యెరూషలేములో గమలీయేలు దగ్గర ధర్మశాస్త్రం నేర్చుకుని పరిసయ్యుడయ్యాడు. చేతిపని కూడా వచ్చు, డేరాలు కుట్టేవాడు. అది తోలు పని అని కొందరు పండితులు, మేక వెంట్రుకల గుడ్డ పని అని కొందరు అంటారు. తోలు పనే అయితే మా వైపు ఏ పని చేశారని మనుషుల్ని ఊరికి అవతల ఉంచారో ఆ పనే అపొస్తలుడి చేతిపని. ఈ సంగతి మన ప్రసంగాల్లో ఎందుకో ఎప్పుడూ వినపడదు.

మారుమనస్సు ముందు కథ మీకు తెలిసిందే. స్తెఫనును రాళ్ళతో కొడుతుంటే సాక్షులు తమ పైబట్టలు సౌలు పాదాల దగ్గర పెట్టారు. తర్వాత ఇల్లిల్లూ చొరబడి విశ్వాసుల్ని ఈడ్చుకెళ్ళాడు. దమస్కు దారిలో వెలుగు, మూడు రోజుల చీకటి, తిన్ననిది అనే వీధిలో ఒక ఇల్లు, అననీయ వచ్చి చేతులుంచడం. ఇదంతా సండే స్కూల్లోనే నేర్చుకున్నాం.

సండే స్కూల్లోనే ఇంకొకటి కూడా నేర్చుకున్నాం, అది తప్పు. సౌలు మారి పౌలు అయ్యాడని, యూదా మతం వదిలి క్రైస్తవుడయ్యాడని. అపొస్తలుల కార్యములు జాగ్రత్తగా చదవండి. దమస్కు సంఘటన తర్వాత కూడా చాలాకాలం లూకా అతన్ని సౌలు అనే పిలుస్తాడు. కుప్ర ద్వీపంలో సువార్త చెప్పేటప్పుడు 13వ అధ్యాయంలో మొదటిసారి పౌలు అనే పేరు వస్తుంది, అది కూడా సౌలుకు ఉన్న ఇంకో పేరుగా. ఇంట్లో ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు మనలో ఎంతమందికి లేదు? అతను దేవుణ్ణి మార్చుకోలేదు. తన పితరుల దేవుడు ప్రవక్తల ద్వారా మాట ఇచ్చిన మెస్సీయ యేసే అని తెలుసుకున్నాడు. అతని దృష్టిలో అది ఒక మతం నుంచి ఇంకో మతానికి దూకడం కాదు. పాత మాట నెరవేరడం.

తర్వాత అరేబియా, మళ్ళీ దమస్కు, మూడేళ్ళకి యెరూషలేములో కేఫా దగ్గర 15 రోజులు. చాలా ఏళ్ళకి బర్నబా వచ్చి అంతియొకయకు తీసుకెళ్ళాడు. అక్కడే అసలు చిక్కు మొదలైంది. యూదులు కానివాళ్ళు గుంపులుగా నమ్ముతున్నారు. వీళ్ళు సున్నతి పొందాలా వద్దా? దాదాపు 49లో యెరూషలేములో పెద్దలు కూడి అక్కర్లేదని తేల్చారు. గ్రీసువాడైన తీతుకు సున్నతి చేయించాలని కొందరు పట్టుబడితే పౌలు ఒక్క గడియ కూడా లొంగలేదు. అదే పౌలు, ఆ తర్వాత కొద్దికాలానికే, తిమోతికి దగ్గరుండి సున్నతి చేయించాడు. నేను చిన్నప్పుడు ఇది చదివి పౌలు మాట మార్చాడనుకున్నాను. కాదు. తిమోతి తల్లి యూదురాలు. తీతు అన్యుడు. అన్యుడు యూదుడు కానక్కర్లేదు, యూదుడు యూదుడిగా ఉండటం మానక్కర్లేదు. పౌలు రెండు వైపులా ఒకే మాట మీద ఉన్నాడు, మనమే ఒక వైపు చూశాం.

ఇంకొక లెక్క చూడండి. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో తను పడిన బాధలు చెబుతూ, యూదుల చేతిలో ఐదుసార్లు నలభైకి ఒకటి తక్కువ దెబ్బలు తిన్నానంటాడు. అంటే 195 దెబ్బలు. ఇది సమాజమందిరం తన సభ్యులకు వేసే శిక్ష. నేను మీవాణ్ణి కాదు, రోమా పౌరుణ్ణి అని లేచి వెళ్ళిపోతే ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. వెళ్ళలేదు. ప్రతి ఊళ్ళో మళ్ళీ ముందు సమాజమందిరానికే వెళ్ళాడు. తనవాళ్ళు కాదనుకున్నవాళ్ళ చేతిలో ఎవడూ ఐదుసార్లు వీపు చూపించడు.

ఆయన యూదుల గురించి కటువుగా రాయలేదా అంటే రాశాడు. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయంలో చాలా గట్టి మాటలున్నాయి. గలతీ పత్రికలో హాగరు, శారాల పోలిక ఉంది. కానీ ఎవరి మీద, ఎప్పుడు అన్నది చూడాలి. ఒకటి తనని తరిమిన మనుషుల మీద కోపం, ఇంకొకటి అన్యుల మెడ మీద సున్నతి అనే కాడి పెడుతున్న బోధకుల మీద కోపం. సొంత అన్నదమ్ముల మీద వచ్చే కోపం అలాగే ఉంటుంది, యిర్మీయా కోపం ఇంతకంటే తక్కువేం కాదు. ఆ గలతీ పత్రికలోనే, అబ్రాహాముతో దేవుడు స్థిరపరచిన నిబంధనను 430 ఏళ్ళ తర్వాత వచ్చిన ధర్మశాస్త్రం కూడా కొట్టివేయలేదని వాదిస్తాడు. మధ్యలో వచ్చిన దేనివల్లా ఆ మాట రద్దు కాలేదన్నది అతని వాదనకే పునాది. నా పాత నోటు పోలిక అక్కడే చిరిగిపోయింది.

ఇప్పుడు రోమా పత్రిక. దాని వెనక ఒక కథ ఉంది. క్లౌదియ చక్రవర్తి దాదాపు 49లో యూదుల్ని రోమా నుంచి వెళ్ళగొట్టాడు. అలా వెళ్ళగొట్టబడిన అకుల, ప్రిస్కిల్ల కొరింథులో పౌలుకు తగిలారు, ముగ్గురిదీ ఒకే పని, కలిసి డేరాలు కుట్టారు. రోమా సంఘం ఏమైందో ఆ భార్యాభర్తల నోట అతను వినే ఉంటాడు. యూదులు వెళ్ళాక అక్కడి ఇళ్ళలో కూడుకునే సంఘాలు అన్యుల చేతికి వచ్చాయి. 54లో క్లౌదియ చనిపోయి నీరో వచ్చాక యూదులు తిరిగొచ్చారు. వచ్చి చూస్తే వాళ్ళు మొదలుపెట్టిన ఇంట్లో వాళ్ళే చుట్టాల్లా అయ్యారు. వాళ్ళ భోజన నియమాలు, వాళ్ళ దినాలు కొత్తవాళ్ళకి చాదస్తంగా కనిపించాయి. దేవుడు వీళ్ళని వదిలేశాడు, మనల్ని పట్టుకున్నాడు అన్న గర్వం మెల్లగా లోపలికి దూరింది.

దాదాపు 57లో కొరింథులో గాయి ఇంట్లో ఉంటూ పౌలు ఈ పత్రిక చెబుతుంటే తెర్తియు రాశాడు. కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేని రోమా విశ్వాసులకు అప్పగిస్తూ ముగించాడు, కాబట్టి పత్రిక తీసుకెళ్ళింది ఆమే అంటారు. 9వ అధ్యాయం దగ్గర స్వరం మారిపోతుంది. అంతకు ముందు పేరాలోనే దేవుని ప్రేమ నుంచి మనల్ని ఏదీ వేరు చేయలేదని ఆకాశమంత ఎత్తున చెప్పినవాడు, వెంటనే తన గుండెలో ఆగని నొప్పి ఉందంటాడు. తన రక్తసంబంధులు రక్షణ పొందుతారంటే తాను క్రీస్తు నుంచి వేరై శపించబడినా సిద్ధమేనంటాడు. దత్తపుత్రత్వం, మహిమ, నిబంధనలు, ధర్మశాస్త్రం, ఆరాధన, వాగ్దానాలు, పితరులు, శరీరరీతిగా క్రీస్తు, అన్నీ వాళ్ళవే అని పేరుపేరునా చెబుతాడు. అవి వాళ్ళవి అంటున్నాడు. ఒకప్పుడు వాళ్ళవి అనడం లేదు.

11వ అధ్యాయంలో నా స్నేహితుడి ప్రశ్నే పౌలు వేసుకున్నాడు. దేవుడు తన ప్రజల్ని తోసేశాడా? ఎంతమాత్రం కాదంటాడు. మొదటి సాక్ష్యంగా తననే చూపిస్తాడు, నేను ఇశ్రాయేలీయుణ్ణి, అబ్రాహాము సంతానాన్ని, బెన్యామీను గోత్రంవాణ్ణి అని. ఏలీయా తానొక్కడే మిగిలాననుకున్నప్పుడు 7000 మందిని దేవుడు మిగుల్చుకున్నట్టు ఇప్పుడూ ఒక శేషం ఉందంటాడు.

ఆ తర్వాత ఒలీవ చెట్టు. దీన్ని మా వైపు రైతుకి చెబితే నవ్వుతాడు. మామిడి అంటు కట్టాలంటే కింద నాటు మొక్క ఉంటుంది, దానికి బంగినపల్లి పుల్ల తెచ్చి కడతారు. మంచి కొమ్మని నాటు వేరు మీద పెడితే మంచి కాయ వస్తుంది. నాటు పుల్ల తెచ్చి బంగినపల్లి చెట్టుకి కట్టేవాడు ఎవడైనా ఉంటాడా? పౌలు చెప్పింది సరిగ్గా అదే. అడవి ఒలీవ కొమ్మని మంచి ఒలీవ చెట్టుకి అంటు కట్టారట. ఇది స్వభావానికి విరుద్ధమని తనే ఒప్పుకుంటాడు. వ్యవసాయం తెలియక రాసిన మాట కాదు, కృప అంటే ఏంటో చూపించడానికి రాసిన మాట. ఆ అడవి కొమ్మ మనమే. కొన్ని సహజమైన కొమ్మలు అవిశ్వాసం వల్ల విరిచివేయబడ్డాయి, నిజమే. కానీ వాటి మీద అతిశయించొద్దంటాడు. వేరు కొమ్మని మోస్తుంది, కొమ్మ వేరుని మోయదు. విరిగిన కొమ్మల్ని దేవుడు మళ్ళీ వాటి సొంత చెట్టుకి కట్టగలడు, అది మనల్ని కట్టినదానికంటే సులువు. చెట్టు నరికి వేరే చెట్టు నాటాడని ఎక్కడా లేదు. చివరికి దేవుని వరాలు, ఆయన పిలుపు వెనక్కి తీసుకునేవి కావని తేల్చేస్తాడు.

మన తెలుగు సంఘాల్లో ఒక అలవాటు ఉంది. హిందువుల్ని అన్యులు అంటాం. పౌలు నిఘంటువులో అన్యులంటే మనం. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో బాప్తిస్మం తీసుకున్న 2222 మందీ అన్యులే, వాళ్ళ మనవలమైన మనమూ అన్యులమే. ఇంకో అలవాటు, డిసెంబరు 31 రాత్రి వాగ్దాన కార్డు. యెషయాలో, యిర్మీయాలో ఇశ్రాయేలుకి ఇచ్చిన మాట తీసి మన పేరు రాసుకుంటాం. తప్పనను, క్రీస్తులో మనకీ పాలుంది. కానీ అదే పేజీలో ఉన్న శాపాలు మాత్రం యూదులకి వదిలేస్తాం. దీవెనలు మనకి, తిట్లు వాళ్ళకి! హెబ్రీ పత్రిక 8వ అధ్యాయం చూపించి మొదటి నిబంధన పాతగిలిపోయిందని ఉంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది. అక్కడ విషయం యాజకత్వం, బలులు. పైగా ఆ అధ్యాయం ఎత్తి చూపేది యిర్మీయా 31ని, ఆ కొత్త నిబంధన ఎవరితో చేస్తానన్నాడో చూడండి. ఇశ్రాయేలు ఇంటివారితో, యూదా ఇంటివారితో. అందులో మన పేరు లేదు. అంటు కట్టబడితేనే మనకి పాలు.

యేసు లేకుండానే యూదులు రక్షింపబడతారని నేను అనడం లేదు. పౌలు అలా అనుకుని ఉంటే 9వ అధ్యాయంలో ఆ ఏడుపు ఎందుకు? ఇశ్రాయేలంతా రక్షింపబడుతుందన్న మాటకు అర్థం ఏంటని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. పౌలే దాన్ని మర్మం అన్నాడు, వివరించకుండా దేవుని జ్ఞానం లోతుకి చేతులెత్తి స్తుతించి ఆపేశాడు. అలాగే ఇశ్రాయేలు దేశంలో ఏం జరిగినా జెండా థంబ్‌నెయిల్ పెట్టి రాకడ తేదీ లెక్కలు వేయడం కూడా ఈ అధ్యాయం నేర్పదు. మనుషుల్ని క్యాలెండరుగా వాడుకోవడం ప్రేమ కాదు.

పత్రిక రాశాక పౌలు రోమాకి వెళ్ళలేదు. ముందు యెరూషలేముకి వెళ్ళాడు. మాసిదోనియ, అకయ సంఘాలు యెరూషలేములోని బీదల కోసం ఇచ్చిన చందా చేతికివ్వాలి. వేరుకి కొమ్మలు పంపిన బాకీ అది. అక్కడ పెద్దల మాట మీద, మొక్కుబడి ఉన్న నలుగురి ఖర్చు పెట్టుకుని దేవాలయంలో శుద్ధి చేసుకున్నాడు. అప్పుడే ఎఫెసువాడైన త్రోఫిమును లోపలికి తెచ్చాడన్న అనుమానంతో గుంపు పట్టుకుంది. అన్యులు ఈ గోడ దాటితే చావే అని గ్రీకులో చెక్కిన ఆ దేవాలయపు రాయి 1871లో బయటపడింది, ఇప్పుడు ఇస్తాంబుల్లో ఉంది. ఎవరి కోసం ఆ గోడ పడిపోయిందని ప్రకటించాడో వాళ్ళని లోపలికి తెచ్చాడన్న అబద్ధపు నేరం మీద బంధింపబడ్డాడు. కైసరయలో రెండేళ్ళ చెర, ఫేలిక్సు, ఫేస్తు, అగ్రిప్పల ముందు విచారణ, కైసరుకి అప్పీలు. ఓడలో 276 మంది, ఓడ బద్దలైంది, మెలితే ద్వీపంలో చలికాలం.

రోమా చేరిన మూడు రోజులకి పౌలు చేసిన మొదటి పని చూడండి. సంఘ పెద్దల్ని పిలవలేదు. ఆ ఊరి యూదుల ముఖ్యుల్ని పిలిపించాడు. తన జనం మీద తనకి ఏ ఫిర్యాదూ లేదని, ఇశ్రాయేలు నిరీక్షణ కోసమే ఈ గొలుసు వేసుకున్నానని చెప్పాడు. ఒక రోజంతా వాళ్ళతో కూర్చుని మోషే నుంచి ప్రవక్తల నుంచి చూపించాడు. కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు, వాదించుకుంటూ లేచి వెళ్ళారు. యెషయా హెచ్చరిక గుర్తుచేసి, ఈ రక్షణ అన్యుల దగ్గరికి వెళ్తోందని చెప్పాడు. అయినా రెండేళ్ళ పాటు ఆ అద్దె ఇంటి తలుపు వచ్చినవాళ్ళందరికీ తెరిచే ఉంది. లూకా అక్కడ ఆపేశాడు. నీరో కాలంలో రోమాలోనే ఖడ్గంతో చంపారని, ఒస్తియా దారిలో పాతిపెట్టారని సంఘం మొదటి నుంచీ చెప్పుకుంటోంది.

తర్వాత మన పెద్దలు 11వ అధ్యాయం సరిగ్గా చదవలేదు. 144లో మార్కియోను పాత నిబంధననే తీసిపారేద్దామన్నాడు, సంఘం ఒప్పుకోలేదు. కానీ అంతియొకయలో క్రిసోస్తము 386, 387లలో యూదుల మీద చేసిన ప్రసంగాలు, లూథర్ 1543లో రాసిన పుస్తకం చదివితే చెమటలు పడతాయి. సమాజమందిరాలు తగలబెట్టమని లూథర్ రాశాడు. ఆయన పేరు మీద ఉన్న సంఘం గుంటూరులో 1842 నుంచి మనకి బడులు, ఆసుపత్రులు ఇచ్చింది, ఆ రుణం పెద్దది. అందుకే ఈ సంగతి దాచకూడదు. 1965లో వాటికన్ మహాసభ ఇదే ఒలీవ చెట్టుని చూపించి యూదుల్ని శాపగ్రస్తులుగా చెప్పకూడదంది. అమెరికాలో లూథరన్లు 1994లో ఆ రాతల్ని బహిరంగంగా కాదన్నారు. అంత పెద్దవాళ్ళు దిద్దుకున్న తప్పునే నేను మూడు వారాల క్రితం ఫోన్ కెమెరా ముందు మళ్ళీ చేశాను.

పోయిన ఆదివారం సాయంత్రం కొత్తరెడ్డిపాలెం వెళ్ళి వాడికి రోమా 11 చూపించాను. ఆ అధ్యాయం వాడికి ముందే తెలుసు, బాప్టిస్టు సండే స్కూల్లో ఎన్నో వాక్యాలు కంఠస్థం చేసినవాడు. యేసు విషయంలో మా ఇద్దరికీ కుదరలేదు, కుదిరినట్టు నటించలేదు కూడా. అమ్మమ్మ ఇద్దరికీ టీ ఇచ్చింది.

ఆ వీడియోలోంచి పాత నోటు ముక్క తీసేశాను. స్టేటస్ నుంచి కాపీ చేసుకుని దాచుకున్నవాళ్ళు దయచేసి మీరూ తీసేయండి, గ్రూపుల్లో కనిపిస్తే ఈ పోస్టు లింకు పెట్టండి. వచ్చే శుక్రవారం ఫీబే గురించి మాట్లాడుకుందాం. వచ్చేలోపు రోమా 9, 10, 11 అధ్యాయాలు ఆపకుండా ఒకేసారి చదివి రండి, ఇరవై నిమిషాలు కూడా పట్టదు.